ఎనిమిది గజాల గళ్ళబట్ట: చూసి కొంటే అసలు, చూడక కొంటే నకలు

తొమ్మిది గజాల చీర సంగతి మన పల్లెల్లో పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. దానికి ఒక్క గజం తక్కువగా, ఎనిమిది గజాల ఉన్నిబట్టను నడుముకు కట్టే మగవాళ్ళు ఉన్నారంటే మాత్రం చాలామందికి వింతగానే ఉంటుంది. బ్రిటన్ దీవికి ఉత్తరాన ఉన్న స్కాట్లాండులో పెళ్ళికీ పబ్బానికీ, కాలేజీ పట్టాలు అందుకునే రోజుకూ మగవారు కట్టే ఆ దుస్తు పేరు 'కిల్ట్'. మోకాలి దాకా దిగుతుంది. ముందువైపు చదునుగా ఉంటుంది. వెనుక పాతిక ముప్పయి కుచ్చిళ్ళు. జేబులు ఉండవు. కనుక మన తాతలు వక్కాకు సంచి దోపుకున్నట్లు వాళ్ళు ముందువైపు ఒక తోలు సంచి వేలాడదీసుకుంటారు.

ఆ కిల్ట్ కుట్టే గళ్ళ ఉన్నిబట్టను 'టార్టన్' అంటారు. స్కాట్లాండు నుంచి తరతరాలుగా కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా దేశాలకు వలసపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో పెళ్ళి కుదిరితే వరుడికి తమ వంశపు గళ్ళబట్ట కావాలంటారు. ఒకప్పుడు ఉత్తరం వ్రాసి, డబ్బు పంపి నెలల తరబడి ఎదురుచూసేవారు. ఇప్పుడు ఫోనులోనే బొమ్మ చూసి, ఫోనులోనే డబ్బు కట్టి తెప్పించుకుంటున్నారు. చదువులకని గ్లాస్గో, ఎడింబరో నగరాలకు వెళ్ళిన తెలుగు విద్యార్థుల కంటా ఈ గళ్ళబట్ట పడుతూనే ఉంటుంది. అక్కడ కిల్ట్‌ను అద్దెకు ఇచ్చే దుకాణాలూ ఉన్నాయి.

అసలైన ఉన్నిబట్ట తీసుకుని, చేతిపని తెలిసిన దర్జీచేత కుట్టిస్తే ఒక్క కిల్ట్‌కు వందల పౌండ్లు అవుతాయి. జాగ్రత్తగా వాడితే తండ్రిది కొడుక్కి వస్తుంది. అంత డబ్బు పోసి, చేత్తో పట్టి చూడకుండా బట్ట కొనడమంటే మాటలు కాదు. గజాల లెక్కలో ఒక్క మాట అపార్థం చేసుకుంటే ఖర్చు రెట్టింపు అవుతుంది. పేరులో ఒక్క ముక్క గమనించకపోతే ఇంకో రంగు బట్ట ఇంటికి వస్తుంది. ఈ బేరంలోని మెలకువలు తెలుసుకుంటే టార్టన్ ఒక్కటే కాదు, ఏ నేతబట్టనైనా ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పనికివస్తాయి.

గళ్ళ వెనుక లెక్క

దూరం నుంచి చూస్తే టార్టన్ మన గళ్ళ లుంగీలాగే కనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే మగ్గం ఎరిగినవారికి తేడా తెలిసిపోతుంది. మన మామూలు బట్టలో పేక పోగు ఒక పడుగు పోగు మీదుగా, మరో దాని కిందుగా పోతుంది. టార్టన్‌లో రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పోతుంది. ప్రతి వరుసకూ ఒక పోగు పక్కకు జరుగుతుంది. అందువల్ల బట్ట మీద ఏటవాలుగా సన్నని గీతలు తేలుతాయి. గుడ్డ మెత్తగా జారుతుంది, మడత పెడితే నిలుస్తుంది. కుచ్చిళ్ళకు ఇది ముఖ్యం.

రెండో విశేషం పోగుల లెక్క. పడుగులో ఏ రంగు తర్వాత ఏ రంగు, ఎన్ని పోగులు అన్నది ముందే వ్రాసి ఉంటుంది. అదే లెక్క పేకలోనూ నడుస్తుంది. రెండు చివర్లూ చేరేసరికి ఆ వరుస అద్దంలో బొమ్మలా వెనక్కి తిరుగుతుంది. అలా ఒక పూర్తి నమూనాను 'సెట్' అంటారు. బట్ట పొడవునా, వెడల్పునా ఆ సెట్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకే రంగు పడుగు, పేక కలిసినచోట నిండు రంగు, వేరు రంగులు కలిసినచోట మిశ్రమ రంగు వస్తాయి. రెండు రంగుల నూలుతో నేస్తే కంటికి మూడు రంగులు కనిపిస్తాయి. నాలుగు రంగులతో నేస్తే నాలుగు నిండు రంగులు, ఆరు మిశ్రమాలు, వెరసి పది. తక్కువ రంగులతో అంత నిండుదనం రావడానికి కారణం ఇదే.

అన్నిటిలోకీ తేలికైనది రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ పేరున చెలామణి అయ్యే నమూనా. ఎరుపు, నలుపు సమానమైన గళ్ళు, అంతే. క్లిష్టమైన వాటిలో అయిదారు రంగులు, సన్నని గీతలు ఉంటాయి. నమూనా ఎంత పెద్దదైనా రహస్యమంతా పోగుల లెక్కలోనే ఉంది. లెక్క తప్పితే పేరు తప్పినట్లే.

ఇంటిపేరు, పటాలం, నిషేధం

టార్టన్ అంటే వంశపు గుర్తు అని అందరూ అంటారు. మనకు ఇంటిపేరు ఎలాగో వారికి గళ్ళు అలాగ అన్నమాట. అయితే ఈ మాటలో కొంత నిజం, కొంత కల్పన కలిసి ఉన్నాయి.

గళ్ళబట్ట మాత్రం చాలా పాతది. ఫాల్కిర్క్ పట్టణంలో రోమన్ నాణేలు దాచిన కుండ దొరికింది. దాని మూతికి కుక్కిన గుడ్డ ముక్క క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటిది. గొర్రెల సహజమైన లేత, ముదురు ఉన్నితో నేసిన గళ్ళు అందులో ఉన్నాయి. గ్లెన్ ఆఫ్రిక్ అనేచోట బురదనేలలో 1980 దశకంలో మరో ముక్క బయటపడింది. దానిని శాస్త్రవేత్తలు పరీక్షించి 1500, 1600 సంవత్సరాల మధ్యదై ఉంటుందని తేల్చారు. 2023లో డండీ నగరంలోని మ్యూజియంలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. ఆ బురదలో గాలి చొరబడనందువల్ల గుడ్డ చివికిపోకుండా నిలిచింది.

ఈ బట్ట కోసం జైలుకు వెళ్ళవలసిన కాలమూ ఒకటి ఉంది. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడిపోయారు. వారిలో కొండ ప్రాంతపు వంశాలవారు చాలామంది. వారి పొగరు అణచాలని లండన్ ప్రభుత్వం ఆ ఏడే చట్టం తెచ్చి, మగవారు కొండజాతి దుస్తులు కట్టరాదని శాసించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు. రెండోసారి పట్టుబడితే సముద్రాల అవతలికి ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. 1782లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. ముప్పయ్యేళ్ళకు పైగా సామాన్యుడికి కూడని ఆ దుస్తును ప్రభుత్వ పటాలాల్లోని సైనికులు మాత్రం కట్టవచ్చు. నిషేధ కాలంలో టార్టన్ నేత బతికి ఉండటానికి సైన్యం కొనుగోళ్ళు పెద్ద ఆధారం అయ్యాయి.

అలాంటి పటాలాల్లో ఒకటి 1780లో మద్రాసు రేవులో దిగింది. లార్డ్ మెక్లౌడ్ అనే బిరుదున్న జాన్ మెకంజీ దాన్ని పోగుచేశాడు. హైదర్ అలీతో జరిగిన పోరాటాల్లో ఆ పటాలం పాల్గొంది. దాని గళ్ళే ఈనాటికీ మెకంజీ టార్టన్‌గా ప్రసిద్ధం. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు గళ్ళ మీద తెలుపు, ఎరుపు సన్నగీతలు దాని గుర్తు.

మెకంజీ పేరు తెలుగు నేలకు కొత్తది కాదు. మన ఊళ్ళ కైఫీయతులను వ్రాయించి భద్రపరచిన కాలిన్ మెకంజీ ఆ ఇంటిపేరువాడే. స్కాట్లాండుకు పడమటనున్న లూయిస్ దీవిలో స్టోర్నొవే అతని సొంత ఊరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు అతనికి కుడిభుజంగా పనిచేశారు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన థామస్ మన్రో పుట్టింది గ్లాస్గో నగరంలో. మన్రో వంశానికీ టార్టన్ ఉంది.

ఇక వంశానికొక గళ్ళు అనే ఏర్పాటు ఎప్పుడు స్థిరపడింది? 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరోకు వచ్చాడు. ఆ వేడుకల భారం నవలా రచయిత వాల్టర్ స్కాట్ మీద పడింది. అందరూ తమ తమ గళ్ళబట్టలు కట్టి రావాలన్నాడు. దాంతో ప్రతి పెద్ద కుటుంబమూ తమ గళ్ళు ఏవోనని వెతుకులాట మొదలుపెట్టింది. బానక్‌బర్న్ ఊళ్ళోని విల్సన్ నేతసంస్థకు చేతినిండా పని దొరికింది. వారి 1819 నాటి నమూనాల పుస్తకం ఈనాటికీ ప్రమాణమే. మొదట వట్టి అంకెతో పిలిచిన కొన్ని నమూనాలకు తర్వాత వంశాల పేర్లు వచ్చాయి. 1842లో ఇద్దరు అన్నదమ్ములు పాత వ్రాతప్రతి దొరికిందంటూ వంశాల గళ్ళ పుస్తకం అచ్చువేశారు. అది వారి కల్పనేనని తర్వాత తేలింది. చిత్రమేమంటే, ఆ పుస్తకంలోని గళ్ళనే తమవిగా నేటికీ కడుతున్న వంశాలు ఉన్నాయి. రెండు వందల ఏళ్ళు కడితే కల్పన కూడా ఆచారం అవుతుంది.

పేరు చూసి మోసపోరాదు

కొనేవారు మొదట చేయవలసిన పని దుకాణం వెతకడం కాదు, పేరు తేల్చుకోవడం. ఇందుకు స్కాట్లాండు ప్రభుత్వమే ఒక రిజిస్టరు పెట్టింది. అక్కడి పార్లమెంటు 2008లో చట్టం చేయగా, 2009 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. జాతీయ దస్తావేజుల శాఖ దాన్ని నడుపుతుంది. ఎవరైనా ఇంట్లో కూర్చుని పేరు కొట్టి వెతకవచ్చు. ప్రతి నమూనాకూ ఒక సంఖ్య, బొమ్మ, వివరాలు ఉంటాయి. అయితే రిజిస్టరు బట్ట అమ్మదు. రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన అమ్మేవాడు ఇచ్చే గుడ్డ మంచిదని హామీ కూడా లేదు. మన పొలం అడంగల్‌లో ఉన్నంత మాత్రాన పంట పండుతుందా!

ఒకే పేరు మీద రెండు మూడు నమూనాలు ఉండటం మామూలే. 'హంటింగ్' అంటే ఆకుపచ్చ, గోధుమ ఛాయలు ఎక్కువ ఉన్న నమూనా. 'డ్రెస్' అంటే తెలుపు ఎక్కువ కలిపినది. వీటి పోగుల లెక్కే వేరు. రిజిస్టరు సంఖ్యను అమ్మేవారికి తెలిపి, సరిగ్గా అదేనా అని వ్రాతపూర్వకంగా అడగాలి.

ఇంకో తికమక రంగుల పేర్లలో ఉంది. 'మోడర్న్' అంటే ముదురు, చిక్కని రంగులు. 'ఏన్షెంట్' అంటే పాతబట్ట అని అర్థం కాదు. ఆకులు, వేళ్ళ అద్దకం ఎండకు వెలిసినట్లు కనిపించే లేత రంగులని అర్థం. 'వెదర్డ్' అంటే మట్టిలో నాని తీసినట్లుండే బూడిద, గోధుమ ఛాయలు. పోగుల లెక్క ఒకటే, రంగు మాత్రమే వేరు. ఒకే మెకంజీ టార్టన్ ఈ మూడు ఛాయల్లోనూ దొరుకుతుంది. అన్నకు ఒక దుకాణంలో, తమ్ముడికి ఇంకో దుకాణంలో తీసుకుంటే పెళ్ళి ఫోటోలో ఇద్దరివీ రెండు వేరు వంశాల బట్టల్లా కనిపిస్తాయి.

మరి ఫలానా వంశంవాడు కాకపోతే ఆ గళ్ళు కట్టకూడదా? కట్టరాదనే చట్టం ఏదీ లేదు. మర్యాద కోసం చాలామంది తల్లివైపుదో తండ్రివైపుదో ఎన్నుకుంటారు. ఏ సంబంధమూ లేనివారు 'బ్లాక్ వాచ్' వంటి అందరి నమూనాలను కడతారు. బామోరల్ టార్టన్ మాత్రం రాజకుటుంబానికి ప్రత్యేకం. కొన్ని సంస్థలు, వ్యక్తులు తమ పేర నమోదు చేయించుకున్న నమూనాలను నేయించాలంటే వారి అనుమతి కావాలి. వలస వచ్చి స్థిరపడినవారూ కొత్త గళ్ళు కల్పించుకున్నారు. 'సింగ్' పేరుతో కూడా ఒక టార్టన్ ఉంది.

ఎనిమిది గజాలంటే నాలుగు గజాలే

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునే చోటు ఇది. కిల్ట్‌కు ఎనిమిది గజాలు కావాలని దర్జీ చెబుతాడు. కొనేవారు ఎనిమిది గజాలకు ఆర్డరు పెడతారు. పెద్ద మూట వస్తుంది, అందులో సగం మిగిలిపోతుంది.

దర్జీ చెప్పిన ఎనిమిది గజాలు సగం పన్నా లెక్క. మిల్లులో బట్ట సాధారణంగా 54 నుంచి 60 అంగుళాల పన్నాతో వస్తుంది. కిల్ట్ పొడవు నడుము నుంచి మోకాలి చిప్ప మధ్యకు, ఇంచుమించు 24 అంగుళాలు. కనుక పెద్ద పన్నా బట్టను మధ్యగా నిలువునా చీలిస్తే రెండు పొడవాటి పట్టీలు వస్తాయి. నాలుగు గజాల బట్ట చీలిస్తే నాలుగేసి గజాల రెండు పట్టీలు. వాటిని కుచ్చిళ్ళ మడత లోపల అతికితే ఎనిమిది గజాలు. పదహారు మూరల పొడవు. అంటే పెద్ద పన్నాలో కొనవలసింది నాలుగు గజాలే. 'సింగిల్ విడ్త్' అని అమ్మేచోట మాత్రం ఎనిమిది గజాలూ కొనాలి. పన్నా ఎన్ని అంగుళాలో అడగకుండా గజాలు చెప్పరాదు.

ఒడ్డూ పొడుగూ బాగా ఉన్నవారికి ఇంకా ఎక్కువ పడుతుంది. చిన్నవారికి తక్కువలో వెళుతుంది. అందుకే ముందు దర్జీని కుదుర్చుకుని, నడుము, పిరుదులు, పొడవు కొలతలు ఇచ్చి, ఎంత బట్ట కావాలో అతని చేతే చెప్పించుకోవడం క్షేమం. బట్ట వచ్చాక దర్జీని వెతికితే గజం తక్కువైందని తెలిసినా చేసేది లేదు.

సెట్ కొలత కూడా అడగాలి. కిల్ట్ బట్టలో ఒక పూర్తి నమూనా అయిదారు అంగుళాలు ఉండటం వాడుక. మెడపట్టీలకు, కండువాలకు నేసే గుడ్డలో అదే నమూనాను బాగా చిన్నది చేస్తారు. ఫోటోలో రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. వెనుక కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు ఒక్కో మడతలో ఒక్కో సెట్ దాచి, పైకి కనిపించే భాగంలో ముందువైపు గళ్ళే తిరిగి వచ్చేలా కుడతారు. కొందరు పటాలం పద్ధతిలో ప్రతి కుచ్చి మీదా ఒకే చార నిలువుగా వచ్చేలా కుడతారు. సెట్ మరీ చిన్నదైతే మొదటి పద్ధతి కుదరదు. మరీ పెద్దదైతే ఎనిమిది గజాలూ చాలవు.

బరువు, అంచు, ఒకే తాను

కిల్ట్ బట్ట నాణ్యానికి మొదటి గుర్తు బరువు. పెద్ద పన్నాలో గజం 16 ఔన్సులు తూగితే బరువైనది. 13 ఔన్సులది మధ్యరకం. 10, 11 ఔన్సులది తేలిక. నాలుగు గజాలకు లెక్కకడితే 16 ఔన్సుల బట్ట 64 ఔన్సులు, అంటే సుమారు కిలో ఎనిమిది వందల గ్రాములు. 13 ఔన్సులదైతే దాదాపు కిలోన్నర. బరువు ఉన్నకొద్దీ కుచ్చిళ్ళు చక్కగా పడతాయి, గాలికి లేవవు, నలగవు. ఎండ దేశాల్లో ఉండేవారు తేలికరకం కోరుకుంటారు. కుచ్చిళ్ళు తరచు ఇస్త్రీ చేయక తప్పదని వారికి ముందే తెలియాలి.

రెండో గుర్తు అంచు. కిల్ట్ అడుగున మడతపెట్టి కుట్టరు. మగ్గం మీద వచ్చిన అంచే కిల్ట్‌కు అడుగు అంచు అవుతుంది. మన నాడె మగ్గంలో పేక పోగు అటు చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది గనుక అంచు దానంతట అదే మూసుకుంటుంది. నాడె లేని వేగపు యంత్ర మగ్గాలపై ప్రతి పేకనూ చివర కత్తిరిస్తారు. అంచుకు కుచ్చులా పోగులు వేలాడుతాయి. కోటుకు అయితే ఆ అంచు లోపలికి పోతుంది కాబట్టి ఫరవాలేదు. కిల్ట్‌కు అది పనికిరాదు. పోగు చివరలను లోపలికి మడిచి నేసిన 'కిల్టింగ్ సెల్వెడ్జ్' ఉందా అని అడిగి తీరాలి. నిలువునా చీల్చిన రెండు పట్టీలకూ అడుగున ఒకే చార వస్తుందా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. రాకపోతే అతుకు దగ్గర గళ్ళు కలవవు.

మూడోది, బట్ట అంతా ఒకే తాను నుంచి రావాలి. అద్దకపు తొట్టి మారితే ఛాయ కొద్దిగా మారుతుందని మన రంగుల పనివారికి తెలుసు. అక్కడా అంతే. ముందు మూడు గజాలు కొని, చాలక తర్వాత గజం తెప్పిస్తే ఆ ఒక్క గజం ఎండలో పట్టిస్తుంది.

ఫోను తెర మీద రంగును నమ్మరాదు. ఫోనుకొక రకంగా రంగు కనిపిస్తుంది. మంచి మిల్లులు, దుకాణాలు అడిగితే చిన్న గుడ్డముక్క పంపుతాయి. కొన్ని అందుకు కొద్ది సొమ్ము పుచ్చుకుంటాయి. దాన్ని పగటి వెలుగులో చూసి నిర్ణయించుకోవాలి. తొందరపడి ఆదా చేసిన వారం రోజులు తర్వాత ఏళ్ళ తరబడి బాధపెడతాయి.

ప్రసిద్ధమైన నమూనాలు మిల్లుల్లో నిల్వ ఉంటాయి. అరుదైన వాటిని ప్రత్యేకంగా నేయించాలి. పడుగు సిద్ధం చేయడానికయ్యే శ్రమ ఒక గజానికీ, పాతిక గజాలకూ ఇంచుమించు ఒకటే. అందుకే మిల్లులు ఇన్ని గజాలకు తక్కువైతే నేయమంటాయి, వారాల గడువు అడుగుతాయి. పెళ్ళి ముహూర్తం దగ్గర పెట్టుకుని ఇలాంటి నేతకు ఆర్డరు ఇవ్వడం తెలివైన పని కాదు.

వెంట్రుక కాలిన వాసన

చవకగా కనిపించే కిల్ట్ బట్టలు చాలావరకు ఉన్ని కావు. అక్రిలిక్, పాలియెస్టర్, విస్కోస్ కలిపినవి. వాటిని కొనడం తప్పు కాదు. ఒకరోజు వేషానికి, పిల్లల ఆటకు అవి చాలు. ఉన్ని అని చెప్పి వాటిని అంటగట్టడమే మోసం. ఇంకా కొన్నింటిలో గళ్ళు నేసినవి కూడా కావు, అచ్చువేసినవి. బట్టను తిరగేస్తే గుట్టు బయటపడుతుంది. నేసిన గళ్ళు రెండువైపులా ఒకేలా ఉంటాయి. అచ్చు గళ్ళు వెనుకవైపు వెలవెలబోతాయి.

ముక్క చేతికి వచ్చాక ఒక పోగు లాగి నిప్పుకు చూపితే అసలు సంగతి తెలిసిపోతుంది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్, అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతాయి. విస్కోస్ కాగితంలా కాలుతుంది. పట్టు కూడా వెంట్రుక వాసనే ఇస్తుంది కనుక మన పట్టుచీరకూ ఈ పరీక్ష పనికివస్తుంది. పోగును పట్టకారుతో పట్టుకుని, పిల్లలకు దూరంగా చేయాలి.

మాటల గారడీ మరొకటి. 'స్కాటిష్ టార్టన్' అన్నంత మాత్రాన స్కాట్లాండులో నేసినట్లు కాదు. నమూనా అక్కడిది, నేత ఎక్కడిదైనా కావచ్చు. 'స్కాట్లాండులో నేసినది' అని స్పష్టంగా ఉందా, మిల్లు పేరు చెబుతున్నారా అని చూడాలి. 'చేతినేత' అన్న మాటనూ తూచి చూడాలి. ఇవాళ కిల్ట్ బట్టలో అత్యధికం యంత్ర మగ్గాలపై నేసినదే. అది నాసిరకం అని కాదు. యంత్రం మీద నేసి చేతిదని ఎక్కువ ధర అడిగితేనే తప్పు.

డబ్బు కట్టే ముందు

దుకాణానికి చిరునామా, ఫోను, ఫిర్యాదు విధానం ఉన్నాయో లేదో చూడాలి. బ్రిటన్‌లో దూరం నుంచి కొన్న సరకును అందిన పద్నాలుగు రోజుల్లోపు వద్దనే హక్కు కొనుగోలుదారుకు ఉంది. అయితే కోరిన విధంగా ప్రత్యేకంగా నేయించిన బట్టకు ఆ హక్కు వర్తించదు. కోసిన బట్ట వాపసు తీసుకుంటారా లేదా అన్నది ముందుగానే వ్రాతలో తెప్పించుకోవాలి. ఇండియాకు తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు ధరకు తోడవుతాయి.

మన దేశంలోని ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. సరకు ఏ దేశంలో తయారైందో చెప్పాలి. ఫిర్యాదులకు అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చు. దొంగ దుకాణానికి డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మన మగ్గానికీ ఇదే పాఠం

కాలిన్ మెకంజీ పుట్టిన దీవుల్లో మరో ఉన్నిబట్ట పుడుతుంది. దాని పేరు హారిస్ ట్వీడ్. 1993లో బ్రిటిష్ పార్లమెంటు దానికోసమే ఒక చట్టం చేసింది. ఆ దీవుల్లోనే ఉన్నికి రంగువేసి, వడికి, దీవివాసులు తమ ఇళ్ళలోనే మగ్గం తొక్కుతూ నేసి, అక్కడే తుదిమెరుగు దిద్దినదే హారిస్ ట్వీడ్. ఆ షరతులకు నిలిచిన బట్టకే గోళం గుర్తు ముద్ర పడుతుంది. ముద్ర లేకపోతే ఆ పేరు చెప్పి అమ్మరాదు. టార్టన్‌కు మాత్రం ఇలాంటి రక్షణ లేదు. నమూనా రిజిస్టరులో ఉంది, నేత ఎవరిదైనా కావచ్చు. ఒకే దేశంలో పుట్టిన రెండు బట్టల మధ్య ఇంత తేడా. ఒకదానికి ముద్ర నేతగాడి కూడును కాపాడుతోంది. రెండోదానికి కొనేవాడి తెలివే కాపు.

మన పరిస్థితీ ఇలాంటిదే. చీరాల ప్రాంతపు మగ్గాలపై నేసిన గళ్ళ రుమాళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా దాకా పోయాయి. అక్కడివారు అసలుదా, నకలుదా అని తరచి తరచి చూసి కొనేవారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2006 నుంచి చేనేత గుర్తు అమల్లో ఉంది. చేనేతకు కేటాయించిన రకాలను యంత్ర మగ్గాలపై నేయకూడదని 1985 చట్టం చెబుతోంది. ఇన్ని ఉన్నా పోచంపల్లి నమూనాను మిల్లు గుడ్డ మీద అచ్చువేసి, 'పోచంపల్లి డిజైన్' అని అమ్మేవారు అమ్ముతూనే ఉన్నారు. ఫోనులో రెండు బొమ్మలూ ఒకటిగానే ఉంటాయి. ధరలో మాత్రం పదింతల తేడా కనిపిస్తే కొనేవారి చేయి చవక వైపే పోతుంది. అలా పోయిన ప్రతిసారీ ఒక ఇంట్లో మగ్గం ఆగుతుంది.

అందుకని చీర కొన్నా, పంచె కొన్నా అడగవలసిన ప్రశ్నలు అవే. నూలు ఏమిటి? ఎక్కడ నేశారు? చేత్తోనా, యంత్రం మీదా? పన్నా ఎంత? తిరగేస్తే ఎలా ఉంది? ముద్ర ఏది? జవాబు చెప్పగల దుకాణంలో కొంటే పెట్టిన డబ్బుకు బట్ట వస్తుంది, నేసినవారికి కూలి దక్కుతుంది. జవాబు దాటవేసే దుకాణంలో ధర ఎంత తక్కువైనా అది ఎక్కువే.